మైకు వైరు దాత

మా ప్రెస్సులో లక్ష్మీదేవి ఒక గదిలోంచి పక్క గదిలోకి రావడానికి పదిహేను నిమిషాలు పట్టేది. ఇది 2005 నాటి మాట. రాజమండ్రిలో మాది క్యాలెండర్లు, పెళ్ళికార్డులు వేసే ప్రెస్సు. తణుకు నుంచి అమలాపురం దాకా బట్టల కొట్లకీ, రైసు మిల్లులకీ ఏటా క్యాలెండర్లు మేమే వేసేవాళ్ళం. దేవుళ్ళ బొమ్మలన్నీ స్కానింగ్ గదిలోని కంప్యూటర్లో ఉండేవి. కంప్యూటర్ల మీద పేజీలు కట్టే హాలు దాని పక్కనే. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. కానీ బొమ్మ కేబులు మీద నడిచి రావాలి. తెర మీద ముందు కిరీటం కనబడేది. కాసేపటికి నుదురు, బొట్టు. కళ్ళు వచ్చేసరికి హాల్లో సగం మంది టీ తాగి వచ్చేసేవారు.

నేను ఎక్కడున్నా ఆ కళ్ళు వచ్చే వేళకి వెళ్ళి నిలబడి ఒక్క నమస్కారం చేసుకునేవాణ్ణి. పేజీలు కట్టే అమ్మాయి శ్రీసుధ అందుకు నన్ను ఆటపట్టించేది. "బాబాయ్‌గారూ, అమ్మవారు బయల్దేరారండి. ఇంకా నుదురు దగ్గరే ఉన్నారు, మీరు నిదానంగా రండి" అనేది. ఆ పిల్ల ఎగతాళి నాకు ఇష్టంగానే ఉండేది.

నా పేరు భీమరాజు. మాది ద్రాక్షారామం దగ్గర చిన్న ఊరు. మా అమ్మ భీమేశ్వరస్వామికి మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. పదో తరగతితో చదువు ఆపేసి ఈ ప్రెస్సులో చేరాను. అందరూ మేనేజరుగారు అనేవారు గానీ నా పని స్టోర్సు తాళాలు చూసుకోవడం, వచ్చిన సరుకు దింపించడం, ఎవరైనా పనివాళ్ళు వస్తే దగ్గరుండి చేయించడం. ఓనరు సూర్యప్రకాశంగారు నన్ను ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానించలేదు. నిత్యం శివపూజ చేసి, విభూతి పెట్టుకుని వచ్చే మనిషిని ఎందుకు అనుమానిస్తారు?

ఆ కేబులు వేయించింది నేనే. 1999లో, మొదటిసారి కంప్యూటర్లన్నిటినీ కలిపినప్పుడు, విజయవాడ నుంచి ఒకతను వచ్చాడు. రెండు పెద్ద పెట్టెల కేబులు దిగింది. అతను ఒక ముక్క కోసి లోపలి తీగలు నాకు చూపించాడు. జంటజంటలుగా మెలేసి ఎనిమిది సన్నటి తీగలు ఉన్నాయి. రంగురంగులుగా, ఆడపిల్లల రిబ్బన్లలా. "వీటిలో మనకి పని చేసేవి నాలుగే అండి, మిగతా నాలుగూ ఊరికే ఉంటాయి" అన్నాడు. అయితే ఊరికే ఉన్న ఆ నాలుగూ పక్క కంప్యూటర్‌కి ఇవ్వచ్చు కదా అని అడిగాను. అతను నా వంక చూసి నవ్వి, ఇవ్వచ్చు, కొందరు అలాగే చేస్తారు, మీ బుర్ర బాగా పనిచేస్తోంది అన్నాడు. అలాగే చేయించాను. రెండు బల్లలకి ఒక కేబులు. గోడకున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని రెండుగా చీల్చి రెండు సాకెట్లకి ఇచ్చాడు. మూత బిగిస్తే ఏమీ తెలియదు. పని పూర్తయ్యాక ఒక పెట్టె కేబులు విప్పకుండానే మిగిలిపోయింది.

దాన్ని స్టోర్సులో పెట్టి సూర్యప్రకాశంగారికి చెప్పాల్సింది. ఆ వారంలోనే మా వీధి శివాలయంలో మైకు వైరు ఎలకలు కొట్టేశాయి. కార్తీకమాసం దగ్గర పడింది. గుడి గది నుంచి వీధి మొదటి దాకా నాలుగు చోట్ల హారన్లు ఉన్నాయి, వాటన్నిటికీ కొత్త వైరు కావాలి, ఎవరైనా దాత ముందుకొస్తే బాగుండునని పూజారిగారు అన్నారు. మర్నాడు ఆ పెట్టె సైకిలు వెనక కట్టుకుని గుడికి తీసుకెళ్ళాను.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, అది ఎవరికీ అక్కరలేని వస్తువు, దేవుడికి వెళ్ళింది, ఇందులో తప్పేముందని. అది పూర్తి నిజం కాదు. సూర్యప్రకాశంగారిని అడిగితే తప్పకుండా ఇచ్చేవారు. కానీ అప్పుడు గుళ్ళో ప్రెస్సు పేరు ఉండేది.

మా గుళ్ళో ఏ వస్తువు మీదైనా దాత పేరు ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద, స్టీలు బిందె మీద, ట్యూబులైటు మీద కూడా. ట్యూబులైటు వెలిగితే ఆ ఎర్రటి అక్షరాలు ఇంకా బాగా కనిపిస్తాయి. వాటిని ఏళ్ళ తరబడి చదువుతూ ప్రదక్షిణలు చేసినవాణ్ణి. నా తాహతుకి ఒక ట్యూబులైటు కూడా ఇవ్వలేకపోయాను. కేబులు ఇచ్చాక ఆంప్లిఫయర్ పెట్టే బీరువా తలుపు మీద పచ్చ పెయింటుతో రాయించారు: "మైకు వైరు దాత: శ్రీ భీమరాజు, శ్రీమతి అమ్మణ్ణి దంపతులు." ఆ రోజు మా ఆవిడ అమ్మణ్ణి పట్టుచీర కట్టుకుని వచ్చి ఆ తలుపు ముందు కాసేపు నిలబడింది. తనకి చదువు రాదు. తన పేరు ఎక్కడుందో నా చేత వేలు పెట్టి చూపించుకుంది.

ఆరేళ్ళు గడిచాయి. క్యాలెండర్ల బొమ్మలు పెద్దవయ్యాయి. ఆర్డర్లు పెరిగాయి. ఆ పదిహేను నిమిషాల నిరీక్షణ సూర్యప్రకాశంగారికి భరించరానిదైంది. కొత్తగా గిగాబిట్ అని వచ్చిందట, పాతదానికన్నా ఎన్నో రెట్లు వేగమట. ఆ పని ఏసురాజుకి ఇచ్చారు.

ఏసురాజుకి ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. హైదరాబాదులో ఒక కంపెనీలో ఇదే పని కొన్నాళ్ళు చేసి, తిరిగొచ్చి ధవళేశ్వరంలో చిన్న కంప్యూటర్ షాపు పెట్టుకున్నాడు. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని మాదే. మా పని చూసి బాగుంటే తామూ చేయించుకుంటామని మా వీధిలోని మరో రెండు ప్రెస్సులవాళ్ళు అతనికి చెప్పి ఉన్నారు. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు అతని మొహంలో ఉన్న సంతోషం నాకు గుర్తుంది. అతను నన్ను గారూ, అండీ అనే అనేవాడు. నేను నువ్వు అనేవాణ్ణి. అదే వయసున్న విజయవాడ అతన్ని మీరు అన్నాను. తేడా ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించకుండా వచ్చేసింది కాబట్టే అది నాలో ఎంత లోతుగా ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

పని మొదలుపెట్టే ముందు ఒక మధ్యాహ్నం స్టోర్సుకి వచ్చి అడిగాడు.

"భీమరాజుగారూ, పాత కేబుల్లో ఎనిమిది తీగలూ కలిపారా అండి? పాత స్పీడుకి నాలుగు చాలు. కొత్తదానికి ఎనిమిదీ ఉండాలండి."

నా చేతిలో తాళాల గుత్తి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. ఎనిమిదీ కలపలేదంటే ఎందుకు కలపలేదని అడుగుతారు. రెండో పెట్టె ఏదని అడుగుతారు.

"నేనే దగ్గరుండి వేయించాను. అన్నీ కలిపే ఉన్నాయి" అన్నాను.

పనివేళల్లో కంప్యూటర్లు ఆపి పరీక్ష చేయడానికి సూర్యప్రకాశంగారు ఒప్పుకోలేదు. అందుకని అతను నా మాటే నమ్మాడు. పాత కేబులు సరిపోతుందని, కేబుళ్ళన్నీ వచ్చి కలిసే స్విచ్చు అనే పెట్టె, కంప్యూటర్లలో కార్డులు మారిస్తే చాలని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం చూసి నాకు ఒక ఆశ కూడా పుట్టింది. ఏమో, నాలుగు తీగలతోనే నడిచిపోతుందేమో, ఇన్నాళ్ళు గుడిలో చేసిన సేవకి స్వామి ఆ మాత్రం చూడడా అనుకున్నాను.

విజయదశమినాడు ఆయుధపూజలో కొత్త స్విచ్చుకి కూడా పసుపు, కుంకుమ పెట్టాం. మర్నాడు దాన్ని బిగించారు. పన్నెండు కంప్యూటర్లలో స్కానింగ్ గదిలోది, సూర్యప్రకాశంగారి గదిలోది మాత్రం పనిచేశాయి. ఆ రెంటికీ చీల్చని కేబులు ఉంది. హాల్లోని పది కంప్యూటర్లకి స్విచ్చు మీద లైటు వెలిగేది, ఆరిపోయేది, మళ్ళీ వెలిగేది. బొమ్మ రాదు. ఆరేళ్ళుగా ఆలస్యంగానైనా వచ్చిన అమ్మవారు ఆ రోజు అసలే రాలేదు. ఏసురాజు సాయంత్రం దాకా కార్డులు మార్చాడు, చిన్న వైర్లు మార్చాడు. మధ్యాహ్నం తెచ్చుకున్న క్యారియరు విప్పనేలేదు.

రెండో రోజు పొద్దున్న ఎవరి దగ్గరో అడిగి, తీగలు కలిశాయో లేదో చూసే టెస్టర్ తెచ్చాడు. అందులో ఎనిమిది చిన్న లైట్లున్నాయి. నాలుగు వెలిగాయి, నాలుగు వెలగలేదు. అతను శ్రీసుధ బల్ల కిందకి దూరి, టార్చి నోట్లో పెట్టుకుని, గోడకున్న డబ్బా మూత విప్పాడు. ఇంకా స్టాఫు రాలేదు. హాల్లో నేనూ అతనూ ఉన్నాం. బల్ల కిందనించే తల తిప్పి టార్చి తీసి అడిగాడు.

"ఒక్క కేబులునే రెండు సీట్లకి చీల్చారండి. మీకు తెలుసా?"

నాకేం తెలుసు, ఆ విజయవాడ అతన్ని అడగాలన్నాను. అతను నన్ను ఇంకో క్షణం చూశాడు. గొంతు మాత్రం మారలేదు. పర్లేదండి, కొత్త కేబులు లాగితే అయిపోతుంది, అయ్యగారితో నేను మాట్లాడతానన్నాడు.

సూర్యప్రకాశంగారు తొమ్మిదిన్నరకి వచ్చారు. ఒక రోజు పని పోయిన కోపంతో వచ్చారు. అప్పటికి శ్రీసుధ, మిగతా స్టాఫు సీట్ల పక్కన నిలబడి ఉన్నారు. ఏసురాజు విప్పిన డబ్బా చూపించి జరిగింది చెప్పాడు. ఆయన నా వైపు తిరిగారు.

"అప్పుడు రెండు పెట్టెలు తెప్పించాం కదండీ భీమరాజుగారూ. చీల్చాల్సిన అవసరం ఏంటి?"

నేను చెప్పిన జవాబు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"రెండు పెట్టెలూ దగ్గరుండి వేయించానండి. నిన్న మొన్నటి దాకా బాగానే పనిచేసింది. ఇందాక ఆ డబ్బా ఇతనే విప్పాడండి."

మూడు మాటల్లో అబద్ధం ఒక్కటే. మిగతా రెండు నిజాలు. ఆ నిజాలు రెండూ చెరో వైపు పట్టుకుని ఆ అబద్ధాన్ని మోశాయి. అతను తీగలు కోశాడని నేను అనలేదు. అనాల్సిన పని లేకుండా మాట్లాడాను.

"కొత్త కేబులు కొనిపిద్దామని కోశావా?" అని సూర్యప్రకాశంగారు ఏసురాజుని అడిగారు.

అతను ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. "నేను కొయ్యలేదండి" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

ఆ తర్వాత ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. వీళ్ళని నమ్మి పని ఇస్తే ఇంతే అన్నది అందులో ఒకటి. వీళ్ళు అంటే ఎవరో హాల్లో అందరికీ అర్థమైంది. ఏసురాజు తన స్విచ్చు తీసేసి పాతది బిగించాడు. కింద పడ్డ తీగ ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు. పెట్టిన కుంకుమతోనే ఆ స్విచ్చుని సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పదకొండు గంటలకి సూర్యప్రకాశంగారు వీధిలోని రెండు ప్రెస్సులకీ ఫోను చేసి జాగ్రత్త చెప్పడం నేను పక్క గదిలోంచి విన్నాను.

ఆ తర్వాత మూడు వారాలకి పైగా నేను మామూలుగానే బతికాను. పూజ చేసుకున్నాను, భోంచేశాను, నిద్ర కూడా పట్టింది. అదే నన్ను ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడేలా చేస్తోంది. ఒక్క శ్రీసుధ మాటలే ముల్లులా తగిలేవి. ఆ పిల్ల మళ్ళీ ఎప్పటిలా "అమ్మవారు బయల్దేరారండీ బాబాయ్‌గారూ" అని పిలిచేది. నేను వెళ్ళేవాణ్ణి. కళ్ళు వచ్చే వేళకి ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేవాణ్ణి.

కార్తీకమాసం వచ్చింది. మొదటి సోమవారం తెల్లవారుజామున నేనూ అమ్మణ్ణీ గోదావరిలో స్నానం చేసి, దీపాలు వదిలి, శివాలయానికి వెళ్ళాం. గుడి నిండా జనం. వీధి మొదట్లో ఉన్న హారను కరకరమంటోంది. మంత్రం సగం వినబడుతోంది, సగం వినబడటం లేదు. పూజారిగారు నన్ను చూసి సంతోషపడ్డారు. దాతగారే వచ్చారు, ఆ వైరు ఎండకి పగిలినట్టుంది, ఒకసారి చూడండి అన్నారు. అరుగు ఎక్కి చూశాను. బూడిదరంగు తొడుగు పెచ్చులు పెచ్చులుగా పగిలి లోపలి రంగు తీగలు బయటపడ్డాయి. హారనుకి వెళ్ళే చోట రెండే కలిపారు. మిగతా ఆరూ కోసి వెనక్కి మడిచి ఉన్నాయి. ఎనిమిది తీగల కేబులు. ఇక్కడ ఆరు ఊరికే వేలాడుతున్నాయి. అక్కడ నాలుగు లేక ఒక మనిషి దొంగయ్యాడు.

లోపలికి వెళ్ళేసరికి పూజారిగారు అర్చన మొదలుపెట్టారు. మైకులో మొదట మా గోత్రం, మా ఇద్దరి పేర్లు చదివారు. నా పేరు ఆ తీగ మీద నడిచి వీధి మొదటి దాకా వెళ్ళి, అక్కడ సగం తెగి వినబడింది. తీర్థం ఇవ్వడానికి వచ్చినప్పుడు నా చెయ్యి ముందుకి చాపలేకపోయాను. పూజారిగారు ఉద్ధరిణి పట్టుకుని ఆగారు. అమ్మణ్ణి నా మోచేయి పొడిచింది. అయినా చాపలేకపోయాను. ఆయన పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్తూ దారిలో అమ్మణ్ణికి అంతా చెప్పాను.  ఇల్లు చేరి తలుపు తాళం తీస్తూ తను అంది.

"ఆ బీరువా తలుపు మీద నా పేరు కూడా ఉందిగా. నన్నెందుకు కలిపారండి ఇందులో?"

ఉపవాసంతోనే ధవళేశ్వరం బస్సెక్కాను. ఏసురాజు షాపులో ఒక పాత మానిటరు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను నిలబడే చెప్పాను. రెండో పెట్టె సంగతి, గుడి సంగతి, బీరువా తలుపు మీద పేరు సంగతి అన్నీ చెప్పాను.  అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే విన్నాడు.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నారండి? నేను కొయ్యలేదని నాకు తెలుసు" అన్నాడు.

క్షమించమని అడగడానికి వచ్చానన్నాను.

"నాతో చెప్తే మీ బరువు దిగుతుంది. నాది దిగదండి. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి, ఎంతమంది విన్నారో అంతమందీ వినేలాగ."

 మంచినీళ్ళు తాగుతారా అని కూడా అడగలేదు. అడిగి ఉంటే నేను ఇంకా తొందరగా తేలికపడేవాణ్ణి. అడక్కపోవడమే మంచిదైంది.

అటునించే ప్రెస్సుకి వెళ్ళి సూర్యప్రకాశంగారి గదిలో తలుపు మూసి చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోవాలని కూడా కొంత కోరుకున్నాను. ఆయన మొదట మొహం ముడుచుకున్నారు. గుడి మాట రాగానే నవ్వేశారు.

"దేవుడికేగా ఇచ్చారు. ఇందులో తప్పేముందండి? మన కేబులు కూడా పుణ్యం చేసుకుంది."

ఏసురాజు సంగతి ఏమిటన్నాను. పిలిపించండి, కొత్త కేబులు వేసి పని పూర్తి చెయ్యమనండి, మనకీ తొందరే కదా అన్నారు. ఆ రెండు ప్రెస్సులకీ మళ్ళీ ఫోను చేసి చెప్పమని అడిగాను. అవన్నీ ఇప్పుడెందుకు, స్టాఫు దగ్గర కూడా ఈ మాట ఎత్తకండి, మీ మర్యాద పోతుంది అన్నారు.

ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అబద్ధం చెప్పడం దగ్గర మొదలుపెట్టి నేను చేసిన అన్ని పనుల్లోకీ ఆ ఒక్క క్షణమే నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది. నా తప్పు దేవుడి పేరు చెప్పగానే పుణ్యమైపోయింది. అతను చెయ్యని తప్పు, ఏ దేవుడి పేరూ చెప్పే అవకాశం లేకుండా, వీధంతా పాకింది. ఇద్దరికీ తీర్పు చెప్పింది ఒకే మనిషి, ఒకే గదిలో. స్వామి లెక్క కూడా ఇలాగే ఉంటుందా? ఉండదనే నా నమ్మకం. కానీ ఆ లెక్క నా పేరు పక్కన పచ్చ పెయింటుతో రాసి ఉండదు కదా, తెలుసుకోవడం ఎలా?

హాల్లోకి వెళ్ళాను. అందరూ పనిలో ఉన్నారు. శ్రీసుధ బల్ల దగ్గర నిలబడి, ఒక్క మాట వినండి అన్నాను. కీబోర్డుల చప్పుడు ఆగింది.

"ఆ తీగలు ఏసురాజుగారు కొయ్యలేదు. ఆరేళ్ళ కిందట నేనే చీల్పించాను. మిగిలిన పెట్టె ఎవరికీ చెప్పకుండా నా పేరు మీద గుడికిచ్చాను. ఆ రోజు మీ అందరి ముందూ అబద్ధం చెప్పాను."

 ఎవరో కుర్చీ జరిపారు. శ్రీసుధ నన్ను చూసి, తర్వాత తన తెర వైపు తిరిగింది. సూర్యప్రకాశంగారి గది తలుపు సగం తెరిచి ఉంది. అది మెల్లగా మూసుకుంది. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కేబులు దొంగిలించినందుకు కాదు, వద్దన్న మాట బయట పెట్టినందుకు.

వీధిలోని ప్రెస్సులు రెంటికీ నేనే నడిచి వెళ్ళాను. ఒకాయన విని, సరే చూద్దామన్నారు. రెండో ఆయన కాకినాడవాళ్ళకి పని ఇచ్చేసి అప్పటికే వారమైంది. నేను మూడు వారాలు నిద్రపోయిన ఖరీదు అది. నేను కట్టలేదు, అతను కట్టాడు.

ఏసురాజు గురువారం వచ్చాడు. నేను ఫోను చేసి పిలిస్తే, అందరి ముందూ చెప్పారా అని అందులోనే అడిగి, శ్రీసుధ చేత అవుననిపించుకుని వచ్చాడు. రెండు పెట్టెల కొత్త కేబులు దింపించాను. అతను బల్లల కింద పాకుతూ కేబులు లాగుతుంటే, నేను పంచె ఎగ్గట్టుకుని పెట్టె దగ్గర కూర్చుని మెల్లగా వదిలాను. కేబులు మీద ప్రతి మీటరుకీ ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. ఇన్నేళ్ళూ నేను దాన్ని చూడనేలేదు. ప్రతి సీటుకీ కేబులు కోసే ముందు అతను ఆగేవాడు.

"అంకె చదవండి భీమరాజుగారూ. అందరికీ వినబడేలాగ."

నేను చదివేవాణ్ణి. అతను పుస్తకంలో రాసుకునేవాడు. హాల్లో పదిమంది వింటూ ఉండగా పది సార్లు చదివాను. అది నన్ను అవమానించడానికి చేశాడో, తనని తాను కాపాడుకోవడానికి చేశాడో నాకు తెలియదు. అడగలేదు. సాయంత్రానికి మిగిలిన ముక్కని చుట్ట చుట్టి, దాని చివరి అంకె కూడా నా చేత చదివించి, సూర్యప్రకాశంగారి బల్ల మీద పెట్టాడు. నేను ఏసురాజుగారూ అని రెండు మూడు సార్లు పిలిచాను. అతను పలికాడు. గారు అన్నందుకు అతని మొహంలో ఏ మార్పూ లేదు. ఆలస్యంగా ఇచ్చిన మర్యాదకి ఎవరైనా ఎందుకు సంతోషపడాలి?

గుడికి నా జీతంలో వేరే వైరు కొని వేయించాను. బీరువా తలుపు మీది పేర్లు చెరపమని అడిగితే, కార్తీకమాసంలో దాత పేరు చెరపకూడదు, పోలిపాడ్యమి వెళ్ళాక చూద్దామన్నారు పూజారిగారు. అమ్మణ్ణి ఇప్పుడు ఆ తలుపు వైపు చూడకుండా ప్రదక్షిణ చేస్తోంది.

పని పూర్తయిన మర్నాడు హాల్లోకి వెళ్ళేసరికి శ్రీసుధ కొత్త క్యాలెండరు పేజీ కడుతోంది. నన్ను చూసి పలకరించింది. "రండి భీమరాజుగారూ" అంది. బాబాయ్‌గారూ అనలేదు. అమ్మవారు బయల్దేరారని కూడా అనలేదు. అనడానికి వ్యవధి లేదు. ఆ పిల్ల మౌసు నొక్కింది. కిరీటం ముందు, నుదురు తర్వాత అన్నది ఇక లేదు. నేను చేతులు జోడించే లోపలే మొహం మొత్తం తెర మీదికి వచ్చేసింది. కళ్ళు నేరుగా నన్నే చూస్తున్నాయి.

నేను తల దించుకున్నాను. కింద, బల్ల పక్కన గోడకి, కొత్త డబ్బా మూత మీద ఏసురాజు నల్ల పెన్నుతో ఆ సీటు నంబరు వేశాడు. ఇంకెవరి పేరూ లేదు.